ఆరో చెక్క

ఆధార్ కార్డు రాయించుకోవడానికి వెళ్లిననాడు వేలిముద్రల మిషను దేముడమ్మను నాలుగుసార్లు తిప్పికొట్టింది. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చూసింది. వేళ్ల కొసల మీద గీతలన్నవి లేవు.

"ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"కాయితం కొడతానమ్మా."

"కాగితం కొట్టడమేంటి, ప్రెస్సులోనా?"

"కాదమ్మా, ఉప్పుకాయితం. తలుపులకీ బీరువాలకీ పాలిష్ ఎయ్యకముందు రుద్దుతారు గదా, అది."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె అదే రుద్దుతోంది. విజయనగరంలో ఎన్ని ఇళ్ల గుమ్మాలు, ఎన్ని బళ్ల బెంచీలు ఆమె చేతికింద నున్నబడ్డాయో లెక్క లేదు.

దేముడమ్మ పుట్టింది భావనపాడులో. తండ్రి గంగులు సముద్రం మీదికి వేటకు వెళ్లేవాడు. తల్లి కూర్మమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని టెక్కలి దాకా పోయి చేపలు అమ్మేది. తల్లి వెంట తిరుగుతూ దేముడమ్మ నేర్చుకున్నది ఒకటే విద్య, చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపును చూడడం. "నీడన సూడకే, ఎండలోకి తెచ్చి సూడు. నీడలో నిన్నటిదీ ఇయ్యాళ్టిదీ ఒక్కలాగే ఉంటాది" అనేది కూర్మమ్మ. పదేళ్లు వచ్చేసరికి దేముడమ్మ పొద్దున్న పట్టిన చేపనూ రాత్రి పట్టిన చేపనూ మొప్ప రంగును బట్టి విడదీసి చెప్పేది.

పంతొమ్మిదో ఏట మేనమామ కొడుకు అప్పలసూరికి ఇచ్చి పెళ్లి చేశారు. అతని తండ్రి పడవలకు రంగులు వేసేవాడు. అప్పలసూరికి కుంచె అబ్బింది కానీ సముద్రం అబ్బలేదు. విజయనగరం వచ్చి ఒక ఫర్నిచర్ షాపులో చేరి, పాలిష్ పని నేర్చుకుని మేస్త్రి అయ్యాడు. కోట వెనక వీధిలో అద్దె ఇల్లు. ఒక్కతే కూతురు అనూరాధ. ఆ పిల్ల నర్సు చదువు చదివి శ్రీకాకుళంలో ఉద్యోగం చేస్తోంది.

మొగుడూ పెళ్లాల మధ్య పని మొదట్నుంచీ ఒకే తీరుగా పంచుకోబడి ఉంది. పాతది గీకడం, పగుళ్లకు లప్పం పెట్టడం, కాగితం కొట్టడం ఆమెవి. రంగు కలపడం, పాలిష్ ఎక్కించడం అతనివి. రంగుపొడులు రేకు డబ్బాల్లో ఉండేవి. అప్పలసూరి గోడవైపు తిరిగి కూర్చుని, చెంచాతో తీసి, వేలితో అద్ది చూసుకుంటూ కలిపేవాడు. ఆమె ఆ డబ్బాల జోలికి ఎప్పుడూ పోలేదు. కానీ వెనకనుంచి చూస్తూ ఉండేది. ఈ తలుపుకు ఇంకాస్త నలుపు పడితే బాగుణ్ణని ఆమెకు అనిపించిన క్షణంలోనే అతని చెయ్యి నల్లపొడి డబ్బా వైపు వెళ్లేది. అలా వెళ్లినప్పుడల్లా ఆమెకు లోపల చిన్న సంతోషం. ఆ సంతోషం సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండువేల పద్నాలుగు అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఊళ్లో చెట్లన్నీ అడ్డంగా పడ్డాయి. కరెంటు లేక జనం రోజుల తరబడి బిందెలు పట్టుకుని తిరిగారు. కరెంటు వచ్చాక, ఇళ్లు కడుక్కున్నాక, మనుషులు తమ తలుపుల వైపూ మంచాల వైపూ చూసుకున్నారు. పాలిష్ పనివాళ్లకు ఊపిరి తిరగనంత పని. డిసెంబరు మొదటివారంలో టౌను క్లబ్బు సెక్రటరీ మోహనకృష్ణగారు అప్పలసూరికి కబురు పెట్టారు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నెమ్మదిగా, మాటకు మాట తూచి మాట్లాడతారు.

క్లబ్బులో ఒక పాత బిలియర్డ్స్ బల్ల ఉంది. ఎప్పుడో కలకత్తా నుంచి తెప్పించింది. ఇప్పుడు దాని మీద అందరూ స్నూకరే ఆడుతున్నారు. తుపాను నాడు పైకప్పు పెంకులు లేచిపోయి, తెల్లవార్లూ వాన ఆ బల్ల మీదే కురిసింది. కింది రాతిపలకకు ఏమీ కాలేదు. ఆకుపచ్చ గుడ్డ కుళ్లిపోయింది. బల్ల చుట్టూ నడుమెత్తున ఉండే అంచు చెక్కలు మాత్రం బూడిదగుమ్మడికాయలా తెల్లగా తేలిపోయాయి. ఆటగాళ్లు చెయ్యి ఆనించేదీ, వంగినప్పుడు పొట్ట ఆనించేదీ ఆ చెక్కలకే. బంతి తగిలి వెనక్కి మళ్లే రబ్బరు కూడా లోపలివైపున వాటికే అతికి ఉంటుంది.

కొత్త గుడ్డ వెయ్యడానికి వైజాగు నుంచి వచ్చిన ఫిట్టరు, "ఈ చెక్కలు పారేసి కొత్తవి వేయించుకోండి సార్, ఇవి ఇంక పనికిరావు" అన్నాడు. మోహనకృష్ణగారు ఒప్పుకోలేదు. ఫిట్టరు బోల్టులు విప్పి, గుడ్డా రబ్బరూ పీకేసి, ఆరు చెక్కల మీదా సుద్దముక్కతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాడు. బల్లకు ఆ కొసనొకటీ ఈ కొసనొకటీ, పొడుగు పక్కల రెండేసి. "పద్దెనిమిదో తారీకు వస్తాను. ఆ రోజుకు తయారుగా ఉండాలి" అని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పలసూరి వెనకే దేముడమ్మ కూడా హాలు గడప దాకా వచ్చింది. అక్కడ మోహనకృష్ణగారు కాస్త ఇబ్బందిగా చూసి, "ఆవిడ వరండాలో కూర్చుని చేసుకుంటుందిలే అప్పలసూరీ, చెక్కలు బయటికి తెప్పిస్తాను" అన్నారు. ఆడవాళ్లు రాకూడదని అక్కడ బోర్డేమీ లేదు. కట్టిన దగ్గర్నుంచీ ఏ ఆడమనిషీ ఆ హాల్లో అడుగుపెట్టలేదు, అంతే. ఊడ్చేది కూడా మగవాళ్లే. దేముడమ్మ దానికేమీ అనుకోలేదు. వరండా తూర్పుముఖం, మంచి వెలుతురు.

చెక్కలు మోసుకొచ్చింది ఎర్రన్న. డెబ్బై దాటిన మనిషి. నలభయ్యేళ్లు ఆ బల్ల దగ్గర మార్కరుగా నిలబడి ఆటగాళ్ల పాయింట్లు పైకి చెప్పినవాడు. ఇప్పుడు ఆ పని లేకపోయినా పొద్దున్నే వచ్చి, నోట్లో కిళ్లీ పెట్టుకుని, వరండా మెట్టు మీద కూర్చుంటాడు.

దేముడమ్మ ముందు గుడ్డపీలిక స్పిరిట్‌లో ముంచి చెక్క అంచున ఒకచోట అదిమి పెట్టింది. తీసి చూస్తే గుడ్డకు జిగురుగా ఎర్రటి పూత అంటుకుంది.

"లక్కే బావా. పాత పని" అంది.

"నీళ్లు తగిల్తే తెల్లబారింది అందుకే. లోపల సెక్క బాగానే ఉంటాది. తీసీ" అన్నాడు అప్పలసూరి.

నాలుగు రోజులు ఆమె పాత పూత తీసింది. స్పిరిట్ పోసి నానబెట్టి, పీచుతో రుద్ది, గుడ్డతో తుడిచి, తర్వాత కాగితం కొట్టింది. చెక్కలు ఎవరి మనసులో ఏముందో చెప్పకపోయినా, ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పాయి. సిగరెట్లు ఆనించి మరిచిపోయిన మచ్చలన్నీ ఒక్క కొసనే ఉన్నాయి. కర్ర కొసకు రాసుకునే నీలం సుద్ద కిటికీ వైపు చెక్కల పోగుల్లోకి దిగి ఉంది. టీ గ్లాసుల వలయాలు ఒకదానిమీద ఒకటి. మొదటి చెక్క నడుమ అరచేయంత మేర కాస్త పల్లంగా, మెత్తగా ఉంది. దేముడమ్మ ఎర్రన్నను పిలిచి అది చూపించింది.

"ఆట మొదలెట్టేది అక్కడినుంచే గదా. అందరూ సెయ్యెట్టేది ఆ సోటే" అన్నాడు అతను. ఆ పల్లాన్ని వేలితో తడిమి, "ఇది తీసేత్తావా?" అని అడిగాడు.

"తియ్యను మావా. అది దెబ్బ కాదు గదా" అంది.

అయిదు చెక్కలూ ఒకే రంగున బయటపడ్డాయి. చిక్కటి ఎర్రగోధుమ వన్నె, తిప్పితే లోపల వెలుగు కదిలినట్టుండే మహాగని. ఆరోది గీకుతుంటే పసుపుపచ్చగా తేలింది. ఆమె చెయ్యి ఆపి, ఇంకో జానెడు గీకింది. అదీ పచ్చనే. గీతలు గీతలుగా పోగులు, ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన.

"బావా, ఇది టేకు."

అప్పలసూరి వచ్చి చేత్తో తడిమి చూసి తలూపాడు. మెట్టు మీదనుంచి ఎర్రన్న నవ్వాడు.

"అదా! అది డెబ్బై ఏడులోది. ఒక రైసుమిల్లు షావుకారుండీవోరు, మనిషి పెద్ద ఆకారం. దూరంగున్న బంతిని కొట్టాలని ఎల్లి ఆ సెక్క మీద కూకున్నారు. పట్‌మని నిలువునా ఇరిగిపోనాది. మహాగని దొరక్క వడ్రంగి టేకుతో సేసినాడు."

"ముందే సెప్పొచ్చు గదా మావా!"

"మీరు అడగనేదు గదేటి."

అప్పట్లో రంగు వేసినవాడెవరో గానీ, ముప్పై ఏడేళ్లు ఎవరికీ అనుమానం రాకుండా చేశాడు. ఆ పాత పూత ఇప్పుడు పీలికల్లో కలిసిపోయింది. టేకును మళ్లీ మహాగని చెయ్యాలి.

అప్పలసూరి డబ్బాలు తెచ్చుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. దేముడమ్మ వెనకనుంచి చూస్తోంది. అతను ఎర్రపొడి రెండు చెంచాలు వేశాడు. చాలు, ఇంక నలుపు పడాలి అనుకుంది ఆమె. అతని చెయ్యి మళ్లీ ఎరుపు డబ్బాలోకే వెళ్లింది. ఇంకో చెంచా. ఇలా జరగడం ఇదే మొదలు కాదు. ఏడాదిగా అప్పుడప్పుడూ జరుగుతోంది. తలుపుకైతే చెల్లిపోతుంది, పక్కన పోల్చి చూసుకోడానికి ఇంకోటి ఉండదు. ఇక్కడ అయిదో చెక్కా ఆరో చెక్కా ఒకే వరసలో పక్కపక్కన కూర్చుంటాయి.

"ఎరుపు కూసింత ఎక్కువైనాదేమో బావా" అంది మెల్లగా. ఇరవై ఏడేళ్లలో రంగు గురించి ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"నువ్వు కాయితం కొట్టవే" అన్నాడు అతను, వెనక్కి తిరక్కుండానే.

సాయంత్రం మోహనకృష్ణగారు వచ్చేసరికి ఆరో చెక్కకు రంగు పూర్తయింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇదేంటయ్యా, ఇటుకరాయిలా ఉంది?" అన్నారు.

అప్పలసూరి ఒకసారి ఆ చెక్క వైపు, ఒకసారి పక్కదాని వైపు చూశాడు. ఎర్రన్న వైపు చూశాడు. ఎర్రన్న కిళ్లీ నములుతూ తల దించుకున్నాడు.

"ఆరితే తగ్గుతాది బాబూ" అన్నాడు అప్పలసూరి. ఆ మాటలో బలం లేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు రోజూ ఆమెను సైకిలు వెనక ఎక్కించుకునేవాడు. ఆ రోజు సైకిలు నడిపించుకుంటూ నడిచాడు. మార్కెట్టు దాటాక, ఎదురుగా వచ్చే ఆటోకు దారి ఇస్తూ ఆగి, అడిగాడు.

"ఒసే, నిజం సెప్పు. అది ఎర్రగున్నాదా?"

"ఉన్నాది బావా."

"బాగానా?"

"బాగానే ఉన్నాది."

నాలుగడుగులు నడిచాడు. "నాకు అయిదోదీ ఆరోదీ ఒక్కలాగే కనపడతన్నాయే. కిందటేడు నుంచీ ఇలగే ఉన్నాది. చెంచాల లెక్క గురుతుంది గాబట్టి ఎలాగో ఈడ్చుకొస్తన్నాను." ఆ వెంటనే, "అమ్మికి సెప్పకు" అన్నాడు. అమ్మి అంటే అనూరాధ.

దేముడమ్మ సైకిలు హ్యాండిలుకు వేలాడుతున్న టిఫిన్ క్యారియర్ ఊగి చక్రానికి తగులుతుంటే దాన్ని తీసి చేత్తో పట్టుకుంది.

మర్నాడు అప్పలసూరి లేవలేదు. నడుం పట్టేసిందన్నాడు. ఆమె గంజి కాచి అతని పక్కన పెట్టి, స్పిరిట్ సీసా, పీచు, గుడ్డలూ సంచిలో వేసుకుని ఒక్కతే క్లబ్బుకు వెళ్లింది. దారిపొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉంది. తీరా మోహనకృష్ణగారు ఎదురుపడి, "మేస్త్రి రాలేదా?" అని అడిగేసరికి అనుకున్నదేదీ గుర్తు రాలేదు.

"నానే సేస్తాను బాబూ."

"నీకు రంగు పని వచ్చా అమ్మా?"

"సెయ్యడం ఎప్పుడూ సెయ్యనేదు. సూడ్డం వచ్చు."

ఆయన ఆమెను ఒక క్షణం చూశారు. జీవితమంతా పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి కదా, తెలియనిది తెలియదని చెప్పిన జవాబు ఆయనకు నచ్చినట్టుంది. "సరే. పద్దెనిమిదికి ఇంకా నాలుగు రోజులున్నాయి. చూడు" అన్నారు.

పొద్దుటిపూటంతా ఆ ఇటుకరంగు తీసెయ్యడానికే సరిపోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక చెక్కను బోర్లా తిప్పి, కింది ముఖాన, ఎవరికీ కనపడని చోట, బెత్తెడు బెత్తెడు పట్టీలుగా రంగులు వేసి చూసుకుంది. నిన్న అప్పలసూరి అక్కడే వదిలి వెళ్లిన పొడులే. ఒకటి ఇటుకలా, ఒకటి బురదలా, ఒకటి కుంకుడుకాయలా వచ్చింది. పొడిరంగు టేకు పైన కూర్చుంటోంది గానీ లోపలికి దిగడం లేదు. మహాగని ఎరుపు లోపలినుంచి వస్తున్న ఎరుపు. ఆమె పట్టీలను ఎండలోకి తిప్పీ, స్పిరిట్‌తో తడిపీ చూసింది. ఒక్కటీ కుదరలేదు.

విసుగొచ్చి తలెత్తితే ఎర్రన్న మెట్టు మీద కూర్చుని తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నాడు. తెల్ల తువ్వాలు. దాని కొసన అరచేయంత పాత కిళ్లీ మరక. దేముడమ్మ కళ్లు ఆ మరక మీద ఆగిపోయాయి. ఇటుక కాదు, బురద కాదు. మెత్తటి ఎర్రగోధుమ వన్నె, నూలులోకి దిగిపోయి ఉంది.

"మావా, ఆ మరక ఎప్పటిది?"

"ఇదా? తెల్దు. పదేళ్లయినా అయ్యుంటాది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు."

"ఒకపాలి ఇలగియ్యి."

తువ్వాలు కొస తీసుకెళ్లి అయిదో చెక్క మీద పరిచి చూసింది. తర్వాత లేచి చెప్పులేసుకుని, ఎదురుగా ఉన్న కిళ్లీకొట్టుకు వెళ్లి, ఆకుకు రాసే కాచు ఒక ముద్ద, సున్నం ఒక పొట్లం తెచ్చింది.

కాచును క్లబ్బు వంటగది పొయ్యి మీద నీళ్లలో మరిగించింది. వడకట్టి, గోరువెచ్చగా ఉండగానే చెక్క కింద ముఖాన రాసింది. ఆరాక చూస్తే లేత టీ రంగు. దాని మీద పల్చటి సున్నపు తేట రాసింది. చూస్తుండగానే రంగు నల్లబడి, ఎర్రబడి, లోపలికి ఇంకింది. సున్నం పొర తుడిచేసి, స్పిరిట్‌తో తడిపి, అయిదో చెక్క పక్కన ఎండలో పెట్టింది. ఇంకా లేతగా ఉంది. రెండోసారి కాచు. మళ్లీ సున్నం. ఈసారి చిక్కబడింది. మూడో పట్టీకి సున్నపు తేట ఇంకా పల్చన చేసింది. ఎర్రన్న కిళ్లీ ఉమ్మేసి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. మార్కరుగా ఉన్నప్పుడు ఆట నడుస్తుంటే మాట్లాడకూడదని అతనికి అలవాటు. ఇప్పుడూ మాట్లాడలేదు.

ఇంటికి వెళ్లేసరికి అప్పలసూరి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నడుం సంగతి ఆమె అడగలేదు. చెక్కల సంగతి అతను అడగలేదు. అన్నం తింటుండగా మాత్రం పట్టలేక, "ఏటేసినావు?" అన్నాడు.

"కాచు."

"కాచేటి?"

"కిళ్లీ కాచే. మీద సున్నపు తేట."

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నీళ్లరంగు గదా, పోగులు లేస్తాయి. ఆరినాక సన్న కాయితం కొట్టాలి మళ్లీ" అన్నాడు.

"కొట్టినాను."

"సున్నం ఎక్కువైతే నల్లబడిపోద్ది."

"ఒకపాలి నల్లబడినాది. తగ్గించినాను."

మర్నాడు పొద్దున్న ఆమె చల్దన్నం సర్దుకుని బయటికి వచ్చేసరికి, సైకిలు తుడిచి వీధిలో నిలబెట్టి ఉంది. లక్క సీసా దాని హ్యాండిలుకు కట్టి ఉంది.

ఆరోజు ఆమె ఆరో చెక్క పై ముఖానికి రంగు వేస్తుంటే అప్పలసూరి మెట్టు మీద ఎర్రన్న పక్కన కూర్చున్నాడు. ఒక్క మాట సాయం చెయ్యలేదు, ఒక్క మాట అడ్డం రాలేదు. రంగు ఎక్కుతున్నకొద్దీ దేముడమ్మకు ఒక సంగతి తెలిసింది. టేకు పోగుల గీతలు ఏం చేసినా పోవు. వాటిని కప్పాలని చూస్తే మొత్తం మొద్దుబారుతుంది. కానీ మనిషి కన్ను చెక్క మధ్యలో ఆగదు, రెండు చెక్కలు కలిసేచోట ఆగుతుంది. బల్ల నడుమ బంతి పడే జేబు దగ్గర అయిదోదీ ఆరోదీ ఎదురెదురుగా వస్తాయి. ఆమె ఆ కొసన ఎక్కువసేపు కూర్చుంది. అయిదోదాని కొస పక్కన పెట్టుకుని, తడిపి, చూసి, మళ్లీ ఒక పూత వేసి, అక్కడ రెండూ ఒకటయ్యేదాకా చేసింది. అక్కడినుంచి వెనక్కి నెమ్మదిగా సాగనిచ్చింది.

రంగు పూర్తయ్యాక లక్క ఎక్కించాలి. అప్పలసూరి లేచి, పక్కనే ఉన్న దూదిమూట అందుకుని, దాన్ని లక్కలో అద్ది, వేలితో నొక్కి చూసుకున్నాడు. ఈ పనికి కళ్లు అక్కర్లేదు. చెక్క మీద మూట జారే చప్పుడును బట్టే అతనికి తెలుస్తుంది ఎక్కడ పల్చగా పడిందో, ఎక్కడ అంటుకుంటోందో. పొడుగునా ఒక్క ఊపులో లాగి, కొసన గాలిలోకి ఎత్తేస్తాడు. ఆగిన చోట మచ్చ పడుతుంది కాబట్టి ఆగడు. రెండు రోజులు ఆరు చెక్కలకూ అలా ఎక్కించాడు. ప్రతి పూత అయ్యాకా ఆమె వైపు చూసి, "ఇంకోటి పడాలా?" అని అడిగాడు. ఆమె ఎండలోకి తలవంచి చూసి, పడాలి అనో, చాలు అనో చెప్పింది.

పద్దెనిమిదిన ఫిట్టరు వచ్చాడు. కొత్త రబ్బరు అతికించి, దాని మీద గుడ్డ బిగించి, చెక్కలను మళ్లీ బల్లకు ఎక్కించేసరికి సాయంత్రం నాలుగైంది. మోహనకృష్ణగారు బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, వరండాలో గుడ్డలు మూటకట్టుకుంటున్న దేముడమ్మ దగ్గరికి వచ్చారు.

"లోపలికి వచ్చి చూడమ్మా. దీపాల కింద వేరేగా కనిపిస్తోందేమో నువ్వే చెప్పాలి."

ఆమె చెప్పులు విప్పి గడప దాటింది. ఎత్తయిన హాలు. బల్ల మీద పొడుగ్గా వేలాడే దీపాలు, వాటి కింద పచ్చిక లాంటి కొత్త గుడ్డ. అక్కడ కూర్చున్న ముగ్గురు మెంబర్లు మాటలు ఆపేశారు. దేముడమ్మ వాళ్లనూ చూడలేదు, గుడ్డనూ చూడలేదు. నేరుగా కిటికీ వైపు నడిచి, నడుమ జేబు దగ్గర వంగి చూసింది. పచ్చటి గుడ్డ పక్కన చెక్కల ఎరుపు ఇంకాస్త చిక్కబడింది. కానీ రెండూ సమానంగా చిక్కబడ్డాయి.

"బాగానే ఉన్నాది బాబూ."

"ఇందులో టేకు ఏదండీ?" అని ఒక మెంబరు అడిగాడు. మోహనకృష్ణగారు నవ్వి, "నన్నడక్కండి, నేనూ మరిచిపోయాను" అన్నారు. ఫిట్టరు తన పనిముట్లు సర్దుకుంటూ, దేముడమ్మతో కాకుండా అప్పలసూరితో, "రంగు ఏం వాడావు మేస్త్రీ?" అని అడిగాడు. అప్పలసూరి భార్య వైపు చెయ్యి చూపించాడు. ఫిట్టరు ఆమె వైపు తిరిగి, "మంచి చెయ్యమ్మా" అన్నాడు. ఎర్రన్న అప్పటికే బంతులు తెచ్చి పేర్చేశాడు.

ఆ రాత్రి అనూరాధకు ఫోను చేసి సంగతంతా చెప్పింది దేముడమ్మే. అప్పలసూరి పక్కనే కూర్చుని విన్నాడు, వద్దనలేదు. కూతురు వారం తిరక్కుండా వచ్చి శ్రీకాకుళం తీసుకెళ్లి చూపించింది. రెండు కళ్లకూ శుక్లాలు. ఫిబ్రవరిలో ఒక కంటికీ, ఏప్రిల్లో రెండో కంటికీ ఆపరేషను అయింది.

మొదటి కంటి కట్టు విప్పించుకుని ఇంటికి వచ్చిననాడు అప్పలసూరి గదిలో నిలబడి నాలుగుపక్కలా చూశాడు.

"ఈ గోడ నీలమేటే?"

"నీలమే. నువ్వే ఏసినావు గదా."

"నాను మీగడ రంగు ఏసినాననుకుంతన్నానే!"

దేముడమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏడాది పైగా ఆ ఆకాశనీలం గదిలోనే ఉంటున్నారు. అతను సున్నం ముచ్చటపడి కలిపాడు కదా, ఎందుకులే అని ఆమె ఊరుకుంది. నవ్వు ఆగాక, ఊరుకోవడం తప్పేననీ, ఆనాడే అడిగి ఉంటే ఈ కళ్లు ముందే బాగుపడేవనీ అనిపించింది. ఆ మాట అతనితో అంది కూడా. "నాను సెప్పనిచ్చీవోణ్నేటి?" అన్నాడు అప్పలసూరి.

రెండో కన్ను కుదుటపడ్డాక ఇద్దరూ క్లబ్బుకు వెళ్లారు. ఆట ఇంకా మొదలవలేదు. అప్పలసూరి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఏ వైపో చెప్పొద్దని ఆమెకు సైగ చేశాడు. కిటికీ వైపు ఆగి, మళ్లీ అవతలికి వెళ్లి, చివరికి చెయ్యి వేసి తడుముతూ వచ్చాడు. ఆరోదాని మీద అతని వేళ్లు ఆగాయి.

"ఇదే. పోగు సేతికి తగుల్తంది." కాసేపు అలాగే చెయ్యి పెట్టి ఉంచి, "ముట్టుకుంటే గానీ తెల్డం నేదే" అన్నాడు. ఆ గొంతులో మెచ్చుకోలు ఎంతో, కష్టం ఎంతో ఆమెకు అర్థం కాలేదు. రెండూ ఉన్నాయనుకుంది. ఉంటే ఉండనీ అనుకుంది.

చూపు వచ్చింది కదా, డబ్బాలు మళ్లీ అతనే తీసుకుంటాడేమోనని ఆమె కొన్నాళ్లు ఎదురుచూసింది. అతను తీసుకున్నాడు కూడా. కానీ ఇప్పుడు గోడవైపు తిరక్కుండా ఆమెకు ఎదురుగా కూర్చుని కలిపేవాడు. ఇద్దరికీ మాట కలవని రోజులూ ఉండేవి. అప్పుడు రెండు రకాలూ ఒక ముక్క మీద వేసి ఎండలో పెట్టేవారు. ఎండలో ఆమెదే ఎక్కువసార్లు నెగ్గేది. ఆ తర్వాత రెండేళ్లకు డబ్బాలు ఎవరూ ఏమీ అనకుండానే ఆమె వైపుకు వచ్చేశాయి. ఊళ్లో కొందరు దేముడమ్మ మేస్త్రి అని పిలవసాగారు. కొందరు ఇంకా అప్పలసూరి పెళ్లామనే అంటారు. రెంటికీ పలుకుతుంది.

రెండువేల పదిహేడు వానాకాలంలో శ్రీముఖలింగం దగ్గర ఒక రైతు ఇంట్లో పాత పందిరిమంచానికి పాలిష్ పని వచ్చింది. అక్కడే ఉండి చేశారు. మూడు రోజులు మబ్బు. ఆ మబ్బులోనే దేముడమ్మ రంగు కలిపింది, మంచం నాలుగు కోళ్లకూ పట్టించింది. నాలుగోనాడు ఎండ వచ్చేసరికి రంగు ఆమె అనుకున్నదానికన్నా చిక్కగా, దిగులుగా కనిపించింది. ఇంటి ఇల్లాలు ఈశ్వరి వచ్చి చూసి, "బాగుందమ్మా, ఉంచెయ్యి. ఇంక దానికేటి" అంది.

"మీకు బాగానే ఉన్నాదమ్మా. నాకు నేదు" అంది దేముడమ్మ.

అప్పలసూరి స్పిరిట్ సీసా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ఇద్దరూ చెరో కోడు దగ్గరా కూర్చుని తుడవడం మొదలెట్టారు. ఇంకో మూడు రోజులు పట్టింది. ఈశ్వరి రోజూ వాళ్లకు చేపలపులుసు వండి పెట్టింది. వంశధార చేపలు. అవి తింటూ దేముడమ్మ, మా సముద్రం చేపల రుచి వేరమ్మా అని చెప్పి, మళ్లీ వడ్డించమని కంచం జరిపింది.